డీఏపీ బస్తాను మట్టిపాలు చేయడం ఎలా?

యాభై కిలోల డీఏపీ బస్తా, సబ్సిడీ పోగా, 1,350 రూపాయలు. అంత పోసి కొన్న సరుకును పైరు తినేస్తుంటే చూస్తూ ఊరుకుంటామా? పైరు మూడు నాలుగు నెలల చుట్టం. తింటుంది, పెరుగుతుంది, కోత కాగానే ట్రాక్టరెక్కి మార్కెట్ యార్డుకు పోతుంది, మళ్లీ మన ముఖం చూడదు. మట్టి అలా కాదు. తాతల నాటి నుంచి అక్కడే ఉంది, మనవళ్ల కాలానికీ అక్కడే ఉంటుంది. విస్తరి ముందు ఎవరికి వేయాలో తెలిసినవాళ్లు మట్టికే వేస్తారు. వాళ్ల కోసమే ఈ సలహాలు.

ఈ పనికి మట్టి కూడా బాగా సహకరిస్తుంది. వేసిన భాస్వరంలో తొలి పంటకు అందేది మామూలుగా 10 నుంచి 25 శాతమే. అంటే మనం చేతులు ముడుచుకు కూర్చున్నా ముప్పావు వంతు పని దానంతట అదే అయిపోతుంది. మిగిలిన ఆ పావు వంతును కూడా పైరు నోటి దాకా పోనీయకుండా ఆపడంలోనే ఉంది మన నేర్పు.

ముందు లెక్క చూసుకుందాం, లేకపోతే ఎవరితో తలపడుతున్నామో తెలియదు. బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. ఆ 46 అసలు భాస్వరం కాదు, పి2ఓ5 లెక్క, దాన్ని 0.436తో గుణిస్తే భాస్వరం వస్తుంది. అలా చూస్తే బస్తాలో ఉన్నది 10 కిలోల భాస్వరం. ఎకరం పొలంలో పైన ఆరంగుళాల మట్టి తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. ఇంత మట్టికి ఆ పది కిలోలను సమంగా పంచితే కిలో మట్టి వాటాకు వచ్చేది 11 మిల్లీగ్రాములు. ఇక వేరు తాగేది మట్టిని కాదు, మట్టిలోని నీటిని. చాలా పంటలకు ఆ నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటే సరిపోతుందని 1970లో ఫాక్స్, కాంప్రాత్ అనే ఇద్దరు పెట్టిన గీటురాయి. పదునుగా ఉన్న ఎకరం నేలలో, ఆరంగుళాల లోతున, నీళ్లు లక్షా ఎనభై వేల లీటర్లనుకోండి. అందులో కరిగి ఉండే భాస్వరం మొత్తం 36 గ్రాములు. ఎకరం మొక్కజొన్న పంటకాలంలో లాగేది ఐదారు కిలోలు. అంటే ఆ 36 గ్రాములూ అయిపోవడం, మట్టి మళ్లీ వదలడం, మళ్లీ అయిపోవడం నూటయాభై సార్లు జరగాలి. మట్టి చేత ఆ వదిలే పని మాన్పించగలిగితే మనం గెలిచినట్టే.

గుళికను పొడి చేయండి

రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లుండే ఆ నల్లని గుండు గింజే మన మొదటి శత్రువు. తడి తగలగానే కరుగుతుంది గానీ, కరిగిన భాస్వరం దూరం పోదు; గుళిక చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల లోపే ఆగిపోతుంది. ఆ కాస్త చోట భాస్వరం ఎంత చిక్కగా ఉంటుందంటే, అక్కడి మట్టి పట్టుకోగలిగినంత పట్టుకున్నాక కూడా నీటిలో ఇంకా మిగులుతుంది. వేరు అటు వచ్చిందా, మన కష్టమంతా వృథా.

కాబట్టి గుళికను గుళికగా ఉండనీయకండి. నలగ్గొట్టి పొడి చేయండి, పొలమంతా చల్లండి, రోటవేటర్‌తో రెండుసార్లు తిప్పి ఆరంగుళాల మట్టిలో సమంగా కలిపేయండి. ప్రతి మట్టి రేణువుకూ తన 11 మిల్లీగ్రాముల వాటా చేరాలి. నలగ్గొట్టడం కష్టమనుకుంటే పొడి రూపంలో దొరికే సూపర్ ఫాస్ఫేట్ వాడండి. 16 శాతం పి2ఓ5 మాత్రమే ఉంటుంది కాబట్టి అదే భాస్వరానికి దాదాపు మూడు బస్తాలు మోయాలి. అందులో గంధకం కూడా ఉండి నూనెగింజలకు మేలు చేస్తుంది. ఆ మేలు ఎలా ఆపాలో మరో వ్యాసంలో చూద్దాం.

కొందరు మన పద్ధతికి అడ్డుపడుతుంటారు. విత్తనంతో పాటే దానికి రెండంగుళాలు పక్కగా, రెండంగుళాలు కిందగా ఎరువు పడేలా చేసే సీడ్ కమ్ ఫెర్టిలైజర్ డ్రిల్లును ఊళ్లోకి రానీయకండి. పత్తి చేలల్లో మొక్క పక్కన కర్రతో గుంత పొడిచి, మందు వేసి, కాలితో మట్టి కప్పేసే కూలి ఆడవాళ్లనైతే అసలు నమ్మకూడదు. ఆ పని మరీ ఆలస్యంగా జరుగుతుంటుంది, అది మనకు కొంత ఊరట. కానీ భాస్వరం తక్కువ మట్టికి తగిలేలా ఒకేచోట పెట్టాలన్న రహస్యం ఏ కళాశాలా చెప్పకుండానే వాళ్ల చేతికి తెలిసిపోయింది.

పశువుల ఎరువు, జీలుగ, జనుము లాంటి వాటికీ దూరంగా ఉండండి. అవి కుళ్లేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలు మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల మీద భాస్వరానికి కేటాయించిన చోట్లను ముందే ఆక్రమిస్తాయి. కొయ్యకాళ్లకు అగ్గి పెట్టడం క్షేమం.

నెల ముందే వేసి మరచిపోండి

మట్టి భాస్వరాన్ని పట్టుకోవడం రెండు విడతల పని. మొదటి విడత గంటల్లో జరిగిపోతుంది. ఎర్ర చల్కల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల పైతలానికి ఫాస్ఫేట్ వచ్చి, అక్కడున్న హైడ్రాక్సిల్‌ను పక్కకు నెట్టి, తాను అతుక్కుంటుంది. సున్నం ఉన్న నేలల్లో ఆ పనికి కాల్షియం ముందుకొస్తుంది. ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఎరువు ద్రావణాలను మట్టి గుండా పోస్తే అందులోని సారం మట్టిలోనే ఆగిపోతుందని జాన్ థామస్ వే 1850లోనే ఇంగ్లండ్‌లో ప్రయోగాలు చేసి చూపాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1842లో, జాన్ బెన్నెట్ లాస్ సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంటు తీసుకున్నాడు. కరగని భాస్వరం మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి కరిగేలా చేయడం లాస్ ఘనత. ఆ కరిగినదాన్ని మళ్లీ మెల్లమెల్లగా కరగని రూపంలోకి నడిపించడం మన సున్నపు నేలల ఘనత: మొదట డైకాల్షియం ఫాస్ఫేట్, తర్వాత ఆక్టాకాల్షియం, చిట్టచివరకు అపటైట్, అంటే బయల్దేరిన రాయి దగ్గరికే. పేటెంటు మాత్రం లాస్‌కే దక్కింది.

మొదటి విడతతో మన పని కాదు. పైతలం మీద కూర్చున్న భాస్వరాన్ని వేరు ఇంకా లాక్కోగలదు. నీటిలో తగ్గితే పైతలం వదులుతుంది. రెండో విడతే అసలైనది. పైన అతుక్కున్న ఫాస్ఫేట్ నెమ్మదిగా ఆ ఆక్సైడ్ రేణువు లోపలికి చొరబడుతుంది. అలా చొరబడే కొద్దీ తిరిగి బయటికి రావడం కష్టమవుతుంది. ఇది రోజుల్లో తేలదు; వారాలు, నెలలు, ఏళ్ల తరబడి సాగుతుంది. రోజురోజుకూ నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ఒకటో రోజు నుంచి పదో రోజు దాకా నీటిలోని భాస్వరం ఏ నిష్పత్తిలో తగ్గుతుందో, మళ్లీ అదే నిష్పత్తిలో తగ్గడానికి పదో రోజు నుంచి వందో రోజు దాకా పడుతుంది. మొదటి పది రోజులు ఎంత విలువైనవో చూశారా? ఎరువు వేసిన మర్నాడే విత్తనం వేసేవాడు మట్టికి ఆ పది రోజులూ దక్కనీయడం లేదు. చిన్న మొక్కకు భాస్వరం అవసరమయ్యేదీ మొదటి వారాల్లోనే. విత్తనంలో దాచుకున్నది అయిపోయాక లేత వేరు దిక్కులు చూస్తుంది. సరిగ్గా అప్పటికి మనం వేసింది లోపలికి వెళ్లిపోయి ఉండాలి.

అందుకని అడుగు మందును ఆఖరి దుక్కిలో వేయమనే వ్యవసాయ విశ్వవిద్యాలయాల మాట పెడచెవిన పెట్టండి. నెల, నెలన్నర ముందే చల్లి, కలియదున్ని, ఆ తర్వాత పెళ్లిళ్లకు తిరగండి. తిరిగి వచ్చాక విత్తనం దొరకలేదనో, ట్రాక్టరు రాలేదనో ఇంకో పది రోజులు గడిపితే మరీ మంచిది. ఒక్కటి గుర్తుంచుకోండి: చల్లి వదిలేస్తే చాలదు, నేల తడిగా ఉండాలి. ఎందుకో వేడి గురించి చెప్పుకునేటప్పుడు తెలుస్తుంది.

రోహిణి కార్తెను వాడుకోండి

భాస్వరం మట్టి లోపలికి చొరబడే వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. దీన్ని ఓపికగా కొలిచినవాడు పశ్చిమ ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్త ఎన్.జె. బారో. 1975లో షా అనే సహరచయితతో కలిసి, మట్టిలో భాస్వరం కలిపి వేర్వేరు ఉష్ణోగ్రతల్లో వేర్వేరు కాలాలు నానబెట్టి, నీటిలో ఎంత మిగిలిందో చూశాడు. వేడి పెరిగే కొద్దీ మట్టి భాస్వరాన్ని త్వరత్వరగా మింగింది. ఆ చర్యకు కావలసిన ఉత్తేజక శక్తి మోలుకు 80 కిలోజౌళ్లకు అటూ ఇటూగా తేలింది. ఈ అంకె చూసి భయపడకండి, లెక్క వేస్తే మనకు బలే అనుకూలం: 25 డిగ్రీల నుంచి 35కు పెరిగితే వేగం దాదాపు మూడింతలవుతుంది. 60 డిగ్రీల దగ్గర ఒక్క రోజు, 25 డిగ్రీల దగ్గర నెల రోజులతో సమానం. అందుకే పొలంలో ఏళ్లు పట్టేదాన్ని ప్రయోగశాలలో వారాల్లో చూడాలనుకునేవాళ్లు మట్టిని తడిపి ఓవెన్‌లో పెడతారు.

మన దగ్గర ఓవెన్ అక్కర్లేదు. మే నెల చివర్న తెలంగాణలో, రాయలసీమలో గొడుగులేని చల్క నేల పైపొర నడి మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటుతుంది. చెప్పుల్లేకుండా గెట్టు మీద నడిచినవాళ్లకు ఈ అంకెతో పనిలేదు. జానెడు లోతున అంత ఉండదు గానీ, చల్లని దేశాల వాళ్లు ఈర్ష్యపడేంత ఉంటుంది. అక్కడ నేల తీరిగ్గా మూడు నెలలు తీసుకునే పనిని మన నేల నెల్లో ముగిస్తుంది. పరాయి దేశపు పుస్తకంలో ఎరువు నేలలో ఇన్నాళ్లు పనిచేస్తుందని రాస్తే, మన ఎండకు ఆ లెక్క నిలవదని తెలుసుకోవడం మంచిదే. తెలుసుకుని ఊరుకోండి, ఎవరికీ చెప్పకండి.

చిక్కల్లా ఒకటే. ఎండి బిగుసుకుపోయిన నేలలో ఎంత వేడి ఉన్నా ఏమీ జరగదు. గుళిక కరగాలన్నా, కరిగింది మట్టి రేణువు దాకా పోవాలన్నా నీళ్లు కావాలి. కాబట్టి రోహిణిలో డీఏపీ చల్లి కలియదున్నండి. అది అలాగే పడి ఉంటుంది. తర్వాత తొలకరి జల్లు ఒకటి పడాలి, గుళికలు కరగాలి, ఆ తర్వాత వాన పదిహేను రోజులు ముఖం చాటేయాలి. మృగశిరలో అలాంటిది జరగని ఏడాది అరుదు. నేల లోపల గోరువెచ్చగా, తడిగా ఉంటుంది. పైన మొక్క ఉండదు, విత్తనాల కోసం మీరు షాపు ముందు వరుసలో నిలబడి ఉంటారు. ఇంతకంటే మంచి ముహూర్తం పంచాంగంలో దొరకదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి, మీకు నచ్చకపోయినా. వేడి ఎప్పుడూ మన పక్షమే అనుకోవద్దు. ఉష్ణోగ్రత పెరిగితే మట్టి పైతలం మీదున్న భాస్వరం, నీటిలోని భాస్వరం మధ్య తూకం నీటి వైపు కాస్త మొగ్గుతుంది. అంటే ఆ క్షణానికి వేరుకు కొంచెం ఎక్కువే అందుతుంది. బారో 1979లో వేడి చేసే పనులు ఒకటి కాదు, మూడని విడదీసి రాసింది ఇందుకే. లోపలికి దూరే వేగం ఒకటి, పైతలానికీ నీటికీ మధ్య తూకం ఇంకొకటి, ఆ తూకం కుదిరే వేగం మరొకటి. మొదటిది నెలల తరబడి మన కోసం పనిచేస్తుంది. రెండోది వేడిగా ఉన్నంతసేపే పైరు వైపు మాట్లాడుతుంది. ఎక్కువ కాలం ఆగేవాడిదే గెలుపు కనుక, కంగారు పడకండి.

చలికాలంలో చేయి బిగించండి

యాసంగిలో వేరే పద్ధతి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. చలికి మట్టి మింగే వేగమూ తగ్గుతుంది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా వేరు మందగిస్తుంది. భాస్వరం వేరు దగ్గరికి నడిచి వచ్చేది కాదు, వేరే దాని దగ్గరికి పోవాలి. పంటకాలమంతా కలిపి అది కదిలేది మిల్లీమీటర్లలోనే. చలికి వేరు పెరగదు, నీటిలో భాస్వరం కదలిక ఇంకా నెమ్మదిస్తుంది, సేంద్రియ పదార్థం కుళ్లి భాస్వరం వదలడమూ తగ్గుతుంది. నారు గిడసబారుతుంది. మొక్కజొన్నలో కింది ఆకుల అంచులు ఊదారంగుకు తిరుగుతాయి.

ఇలాంటప్పుడు నారుమడిలో భాస్వరం మోతాదు రెట్టింపు చేయమని శాస్త్రవేత్తలు చెబుతారు. వినకండి. వానాకాలంలో వేసినంతే వేయండి, లేదా మొత్తానికే మానేయండి. ఊదారంగు చూసి పురుగో తెగులో అనుకుని రెండు రకాల మందులు కలిపి పిచికారీ చేయండి. పది రోజుల్లో ఎండ ముదిరి, వేళ్లు కదిలి, రంగు దానంతట అదే మారుతుంది. ఘనత పిచికారీ మందుకు పోతుంది. వచ్చే ఏడాది ఊరంతా అదే కొడుతుంది.

వరి రైతులకు ప్రకృతి కొంచెం ద్రోహం చేస్తోంది, చెప్పక తప్పదు. దమ్ము చేసి నీళ్లు నిలబెడితే మట్టిలో గాలి అయిపోతుంది. అప్పుడు ఇనుము తన రూపం మార్చుకుని కరుగుతుంది, పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. వానాకాలపు వెచ్చదనంలో ఈ పని చురుగ్గా జరుగుతుంది కనుక, ఆ పంటకు భాస్వరం వేసినా వేయకపోయినా పెద్ద తేడా కనిపించని పొలాలు చాలా ఉంటాయి. యాసంగి చలిలో అదే పని బద్ధకంగా సాగుతుంది. ఇది తెలిసినవాడు వానాకాలం బస్తా తగ్గించి యాసంగికి ఉంచుకుంటాడు. మీరు రెండింటికీ ఒకే లెక్క వేయండి, పొరపాటున తిప్పి వేస్తే ఇంకా సంతోషం.

అయితే నీళ్లు తీసేశాక చూడాలి మట్టి తడాఖా. పొలం ఆరి గాలి తగలగానే ఇనుము మళ్లీ ఆక్సైడ్‌గా మారుతుంది. అప్పుడే పుట్టిన ఆ ఆక్సైడ్ చాలా సన్నని పొడి, దాని పైతలం విస్తారం, ఆకలీ అంతే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోయగానే వేసే మినుము, దుక్కి లేకుండా పెట్టే మొక్కజొన్న సరిగ్గా ఆ సమయానికే పొలంలోకి వస్తాయి. వరికి వేసిన డీఏపీ ఉందిలే, దీనికెందుకు అనుకోండి. అలా అనుకోవడానికి ఖర్చేమీ లేదు.

పచ్చదనాన్ని నమ్మండి

పైపాటుగా డీఏపీ వేయడం మన ఉద్యమానికి పునాది. నాటిన నెలకు చేలో దిగి చేత్తో చల్లండి. ఆరుతడి పైర్లలో అది నేల పైన అర అంగుళంలోనే ఉండిపోతుంది. ఎండకు ఆ పొర ఆరుతుంది, ఆరిన పొరలోకి వేరు రాదు. వరిలో అయితే నీటి మీద పాచి దట్టంగా కడుతుంది, అదీ పచ్చగానే ఉంటుంది.

ఇక్కడ ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తారు: మరి డీఏపీ చల్లిన వారానికి పైరు నల్లబడుతుందే, పనిచేయకుండానేనా? ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ చెప్పకండి. బస్తాలో 18 శాతం నత్రజని ఉంది, అంటే 9 కిలోలు. పైరును నల్లబరిచేది అదే. ఆ 9 కిలోలు 20 కిలోల యూరియాలో వస్తాయి, దాని ఖరీదు 120 రూపాయల లోపు. రైతు కంటికి కనిపించే పచ్చదనం ఒకటి, డబ్బు పోసింది ఇంకొకదానికి. ఈ రెండూ ఒకే బస్తాలో ఉన్నంతకాలం పైపాటు డీఏపీ ఆగదు. రైతును తప్పుపట్టడానికీ లేదు. భాస్వరం పనితీరు వేళ్లలో, పిలకల్లో, గింజలో తెలుస్తుంది గానీ వారానికి రంగులో తెలియదు.

ల్యాబులో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు

పరిశోధక విద్యార్థులారా, మట్టిని ఫాస్ఫేట్ ద్రావణంలో వేసి 24 గంటలు షేకర్ మీద ఊపండి. ఆపిన చోటికి సమతాస్థితి అని పేరు పెట్టండి. ఫాక్స్, కాంప్రాత్ పద్ధతిలో ఆరు రోజులు ఆగమన్నారు, అంత ఓపిక ఎవరికి? నెమ్మదైన చర్య ఆరు రోజులకే కాదు, ఆరు నెలలకూ ముగియదన్న సంగతి గైడుగారి దగ్గర ఎత్తకండి. ఇప్పుడు అదే ప్రయోగం 25, 35, 45 డిగ్రీల దగ్గర చేయండి. వేడి పెరిగే కొద్దీ ఎక్కువ భాస్వరం అతుక్కున్నట్టు కనిపిస్తుంది. వేగం పెరిగింది కాబట్టి ఆ 24 గంటల్లో చర్య ఎక్కువ దూరం నడిచిందన్నమాట, అంతే. కానీ మీరు ఆ అంకెలను ఉష్ణగతిక సమీకరణంలో వేసి, ఈ చర్య ఉష్ణాన్ని గ్రహించేదని తేల్చేయండి. పరుగు వేగాన్ని గమ్యం దూరంగా రాసేశారని అడిగేవాళ్లు తక్కువ.

భూసార పరీక్షా కేంద్రాల్లో పని ఇంకా సులువు. మన దగ్గర ఎక్కువగా వాడేది ఓల్సన్ పద్ధతి. 1954లో స్టెర్లింగ్ ఓల్సన్, సహచరులు ఇచ్చింది: పీహెచ్ 8.5 ఉన్న సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో అరగంట ఊపి, వడకట్టి, నీలం రంగు చూసి కొలవడం. ఆ అరగంటా గది ఎంత వేడిగా ఉందన్నది ముఖ్యం. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీకి కిలో మట్టి నుంచి సుమారు 0.43 మిల్లీగ్రాముల భాస్వరం అదనంగా వస్తుందని వాళ్లే రాశారు. పది డిగ్రీలకు 4.3, హెక్టారు లెక్కకు మారిస్తే తొమ్మిదిన్నర కిలోలు. హెక్టారుకు 10 కిలోల లోపైతే తక్కువ, 10 నుంచి 25 అయితే మధ్యస్థం అని మన కొలబద్ద. అంటే ఏసీ ఆపేస్తే చాలు, పేద పొలం మధ్యతరగతి అయిపోతుంది. జనవరిలో పరీక్షించిన పొలం, మేలో పరీక్షించిన పొలం పక్కపక్కనే ఉన్నా వేర్వేరు సిఫార్సులు పొందవచ్చు. ఉష్ణోగ్రత రాసుకునే గడి రిజిస్టరులో లేకపోతే ఎవరూ పట్టుకోలేరు.

నిండిపోతున్న నేల

చివరిగా మన పద్ధతికి ఉన్న పెద్ద ప్రమాదం. ఏళ్ల తరబడి మట్టికే పెడుతూ పోతే మట్టి కడుపు నిండుతుంది. అతుక్కున్న ప్రతి ఫాస్ఫేట్ ఆ పైతలానికి రుణావేశం తెచ్చిపెడుతుంది, తర్వాత వచ్చే ఫాస్ఫేట్‌ను అది దూరం నెడుతుంది. లోపలికి చొరబడింది కూడా ఎప్పటికీ బందీగా ఉండదు. పైన తగ్గితే ఎంతో నెమ్మదిగా బయటికి వస్తుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఎగ్జాషన్ ల్యాండ్ అనే పొలం ఉంది. అక్కడ 1901లో భాస్వరం వేయడం ఆపేశారు. అంతకు ముందు వేసినది దశాబ్దాల తర్వాత కూడా పంటకు అందుతూనే ఉందని ఎప్పుడూ వేయని మళ్లతో పోల్చి చూపారు. 2008లో సయర్స్, జాన్స్టన్, కర్టిన్ అనే ముగ్గురు ఎఫ్ఏఓ కోసం రాసిన పుస్తకం ఇంకా ముందుకు వెళ్లింది: ఒక్క పంటలో ఎంత తీసుకుందన్నది కాకుండా, కొన్నేళ్లు వేసినదాన్ని, పంటలు తీసుకున్నదాన్ని పక్కపక్కన పెట్టి లెక్కిస్తే భాస్వర వినియోగం 90 శాతం దాకా ఉండవచ్చని. వ్యాసం మొదట్లో నేను చెప్పిన 10–25 శాతం లెక్కకు ఇది గొడ్డలిపెట్టు. ఆ పుస్తకం తెలుగులోకి రాకుండా చూసుకోవాలి.

ఎందుకంటే కాలువల కింద, బోర్ల కింద ఏడాదికి రెండు మూడు పంటలకు డీఏపీ, కాంప్లెక్సులు పోస్తూ వచ్చిన పొలాల్లో భాస్వరం ఎక్కువ అని భూసార పరీక్షల్లో తరచూ వస్తోంది. అలాంటి పొలంలో పంట తీసుకెళ్లినంత మాత్రమే తిరిగి వేస్తే సరిపోతుంది, కొన్నిచోట్ల ఒకటి రెండు పంటలు మానేసినా పైరుకు తెలియదు. ఈ మాట బయటపడితే మనం ఏళ్లుగా మట్టిలో దాచింది రైతు ఖర్చు లేకుండా వాడేసుకుంటాడు. భాస్వరం అతిగా ఉన్నచోట వరికి, మొక్కజొన్నకు జింకు లోపం ముదురుతుంది. అది మాత్రం మనకు పనికొచ్చే సంగతి. ఆకు తుప్పు రంగు మచ్చలు తేలితే జింక్ సల్ఫేట్ తెచ్చి అదే డీఏపీలో కలిపి చల్లండి. రెండూ కలిసి కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతాయి, ఒకే దెబ్బకు రెండు ఎరువులూ మట్టికే.

అందుచేత పరీక్ష చేయించకపోవడమే మేలు. తప్పనిసరై చేయించాల్సి వస్తే నమూనా తీసేచోట జాగ్రత్త పడండి. గట్టు పక్కన, పెంటకుప్ప కింద, చెట్టు నీడలో, వారం కింద డీఏపీ చల్లిన సాలులో, ఎక్కడ తీయవద్దని కాగితం మీద రాసి ఉంటుందో అక్కడే తీయండి. ఆరంగుళాల లోతు వి ఆకారపు గుంత అక్కర్లేదు, పైపైన పిడికెడు చాలు. పరీక్ష ఫలితాల కార్డు రెండేళ్లకు గానీ రాకపోతే దాన్నే ఈ ఏటి కార్డు అనుకోండి. భాస్వరం తక్కువ అని రాసి ఉంటే ఎకరానికి రెండు బస్తాలు వేయండి, ఎక్కువ అని ఉంటే ఒకటిన్నర. కార్డు అసలు రాకపోతే పక్క చేనువాళ్లు ఎన్ని వేశారో కనుక్కుని, దానికి అర బస్తా కలపండి.